ప్రాంతీయ క్రీడాభివృద్ధిలో ప్రచార సాధనాల పాత్ర

క్రీడలు శరీరానికి బలాన్నీ, మనసుకు ఉల్లాసాన్నీ ఇస్తాయని ఆరో తరగతి నుంచీ వ్యాసాలు రాస్తూనే ఉన్నాం. మార్కులు కూడా తెచ్చుకుంటూనే ఉన్నాం. అయితే ఒక ప్రాంతంలో ఒక ఆట ఎందుకు పెరుగుతుంది, పక్క ప్రాంతంలో అదే ఆట ఎందుకు ఎండిపోతుంది అనే ప్రశ్న ఆ వ్యాసాల్లో ఎక్కడా రాదు. మైదానాలు, శిక్షకులు, ప్రభుత్వ నిధులు, ఆటగాళ్ళ తిండి మొదలగునవి ముఖ్య కారణాలే. వాటితో పాటు పైకి కనిపించని కారణం మరొకటి ఉంది. ఆ ఆటను గూర్చి నలుగురికీ చెప్పేవాళ్ళు ఉండటం. పత్రిక, రేడియో, టెలివిజన్, ఇప్పుడు ప్రతి చేతిలో ఉన్న సెల్‌ఫోన్ ఆ చెప్పేవాళ్ళు. ఇవి మన ఉత్తరాంధ్ర వంటి ప్రాంతంలో ఆటలకు ఏం చేశాయి, ఏం చేయలేకపోయాయి, మన విద్యార్థులు ఏం చేయవచ్చు అన్నది నాకు తెలిసినంతలో చర్చిస్తాను.

పత్రిక నుంచి టెలివిజన్ దాకా

తెలుగునాట పత్రికలకు నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది. 1902లో మచిలీపట్నంలో కృష్ణాపత్రిక, 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక పుట్టాయి. వాటి ధ్యేయం జాతీయోద్యమం, సంఘ సంస్కరణ. తరువాత రేడియో వచ్చింది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. 1963లో విశాఖపట్నానికీ కేంద్రం వచ్చింది. ట్రాన్సిస్టర్లు చవకబడ్డాక పొలం గట్టు మీద క్రికెట్ వ్యాఖ్యానం వినే కాలం ఒకటి నడిచింది. ఇంగ్లీషు, హిందీ పూర్తిగా అర్థం కాకపోయినా స్కోరు మాత్రం అందరికీ అర్థమయ్యేదని మా ఊరి పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. విశేషమేమంటే 1936లో ఇంగ్లండులో భారత క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించిన విజయనగరం మహారాజకుమార్, అంటే 'విజ్జీ', తరువాతి కాలంలో రేడియో వ్యాఖ్యాత కూడా అయ్యాడు.

ఇక టెలివిజన్. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు చూపించారు. 'సైట్' అని పిలిచిన ఆ ప్రయోగం సైన్సు విద్యార్థులమైన మనం గుర్తుంచుకోదగినది. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల వేళకు దేశంలో రంగుల టీవీ వచ్చింది. మరుసటి ఏడాదే మనవాళ్ళు ప్రపంచకప్ గెలిచారు. క్రికెట్ ఊరూరా పాకటానికి ఈ రెండూ కలిసొచ్చాయి.

పత్రికల్లో వచ్చిన పెద్ద మార్పు 1989 నాటిది. 1974లో విశాఖపట్నంలో పుట్టిన 'ఈనాడు' ఆ ఏడాది జిల్లాకొక ప్రత్యేక అనుబంధం వేయటం మొదలుపెట్టింది. మిగతా పత్రికలు అదే దారి పట్టాయి. అంతవరకు రాజధాని వార్తలు చదివిన రైతు తన మండలం వార్త చదవసాగాడు. ప్రాంతీయ క్రీడలకు సంబంధించినంత వరకు ఈ జిల్లా పేజీ అన్నిటికంటె ముఖ్యమైన సాధనమని నా అభిప్రాయం. కారణం తరువాత చెబుతాను.

పతకం ముందా, ప్రచారం ముందా?

మన శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లేశ్వరి. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆ పేరు తెలియని ఇల్లు ఆంధ్రదేశంలో లేదు. కాని ఆమె 1994లోనే ప్రపంచ చాంపియన్. 1995లో మళ్ళీ ప్రపంచ చాంపియన్. ఆ రెండు సంగతులు మనలో ఎంతమందికి తెలుసు? రెండుసార్లు ప్రపంచాన్ని గెలిచిన మనిషి పేరు ఊరూరా మోగటానికి మరో ఐదేళ్ళు, ఒక ఒలింపిక్ పతకం కావలసివచ్చాయి.

హైదరాబాద్ ఫుట్‌బాల్ కథ ఇంకా విచిత్రం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. రహీం 1963లో కన్నుమూశారు. నా వయసు వాళ్ళలో చాలామందికి ఆయన పేరు తెలిసింది 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చాక. ఒక ప్రాంతం తన ఆటను గూర్చి చెప్పుకోవటం మానేస్తే అరవై ఏళ్ళలో ఎంత మరిచిపోతుందో చూడండి! హైదరాబాద్ ఫుట్‌బాల్ తగ్గటానికి కారణాలు అనేకం ఉండవచ్చు. కాని ఆ వైభవం తెలియని పిల్లవాడికి బంతి తన్నాలనే కోరిక ఎక్కడి నుంచి వస్తుంది?

ఫిజిక్సు ల్యాబులో యాంప్లిఫయర్ అనే పరికరం చూస్తాం. సన్నని సంకేతాన్ని పెద్దది చేస్తుంది. లోపలికి ఏమీ ఇవ్వకపోతే ఏమీ రాదు. లోపలికి రొద ఇస్తే రొదనే పెద్దది చేస్తుంది. ప్రచార సాధనాలు కూడా అంతే. అవి ఆటను పుట్టించలేవు. ఉన్నదాన్ని పెద్దది చేస్తాయి. కనుక మనం వాటి లోపలికి ఏం అందిస్తున్నాం అన్నదే అసలు ప్రశ్న.

కబడ్డీకి టీవీ చేసిన మేలు

టీవీ చేసిన మేలుకు కబడ్డీ మంచి ఉదాహరణ. మన చెడుగుడు 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ప్రదర్శన క్రీడ మాత్రమే. 1990 బీజింగ్‌లో పతక క్రీడ అయింది. పతకాలు వస్తూనే ఉన్నా, దాన్ని పల్లెటూరి ఆటగానే చూసేవారు. 2014 జులైలో ఎనిమిది జట్లతో ప్రొ కబడ్డీ లీగ్ మొదలయ్యాక పరిస్థితి మారింది. విశాఖ కేంద్రంగా తెలుగు టైటాన్స్ అందులో ఒక జట్టు.

టీవీకి తగ్గట్టు ఆటను ఎలా మలిచారో గమనిస్తే ఆసక్తిగా ఉంటుంది. కూతకు 30 సెకన్ల గడువు పెట్టి గడియారం తెర మీద చూపించారు. వరుసగా రెండు కూతలు ఖాళీగా వస్తే మూడో కూతలో పాయింటు తెచ్చి తీరాలి, లేదా అవుటు. దీంతో కాలయాపన పోయింది. మట్టి బరి బదులు మ్యాటు, లైట్లు, దగ్గరగా కెమెరాలు వచ్చాయి. కాలి మడమ పట్టు, నడుము పట్టు, బోనస్ గీత మీద వేలు ఆనిందా లేదా అన్నది నెమ్మదిగా తిప్పి చూపించారు. 2018 డిసెంబరులో తెలుగు క్రీడల చానెల్ వచ్చాక వ్యాఖ్యానం కూడా మన భాషలోకి వచ్చింది. కూత, పట్టు, బరి అనే మాటలు టీవీలో వింటుంటే మా ఊరి కళ్ళంలో ఆడే ఆటకే గౌరవం పెరిగినట్టయింది. 2025 ఆగస్టు 29న పన్నెండో సీజన్ విశాఖలోనే మొదలైంది.

టీవీ చేయలేని పని

అయితే నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. 2023 వేలంలో పవన్ సెహ్రావత్ కోసం తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలు పెట్టింది. గొప్ప ఆటగాడు, సందేహం లేదు. ఆయన ఢిల్లీ వాడు. అంతకు ముందు ఆ జట్టుకు పేరు తెచ్చిన రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశ్ వాడు, సిద్ధార్థ్ దేశాయ్ మహారాష్ట్ర వాడు. పై ప్రాంతం వాళ్ళు రాకూడదని నేను అనటం లేదు. ఆట ఎవరిదైనా ఆటే. కాని పేరులో తెలుగు ఉన్న జట్టులో ముందు వరసలో తెలుగు కుర్రాళ్ళు ఎందుకు అరుదు? టీవీ మనల్ని మంచి ప్రేక్షకుల్ని చేసింది, కాని ఆటగాళ్ళను తయారు చేసే మెట్లు కట్టలేదు. ఊరి బరికీ టీవీ బరికీ మధ్య మండలం, జిల్లా, రాష్ట్రం అనే మెట్లున్నాయి. ఆ మెట్ల మీద ఏం జరుగుతోందో టీవీ చూపించదు. దాని పని అది కాదు.

ఆడపిల్లల సంగతి మరీ కష్టం. 2016లో మూడు జట్లతో మహిళల కబడ్డీ చాలెంజ్ అని ప్రొ కబడ్డీతో పాటు ఒక్క సీజన్ జరిపారు. అంతటితో అయిపోయింది. భారత మహిళల జట్టు 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 2025 నవంబరులో ఢాకాలో ప్రపంచకప్ గెలిచింది. ఆ రెండు రోజులూ పేపరు నిండా వార్తలే. మరుసటి వారం నుంచి మళ్ళీ మామూలే.

జిల్లా పేజీలో ఆట

ఇప్పుడు జిల్లా పేజీ ఎందుకు ముఖ్యమన్నానో చెబుతాను. మా పిన్ని కూతురు ఊరి హైస్కూల్లో కబడ్డీ ఆడేది. పిల్ల సన్నగా ఉంటుంది గాని కూతకెళితే పట్టుకోవటం కష్టం. మండల స్థాయి పోటీలు గెలిచాక జిల్లా సెలక్షన్లకు పంపమని డ్రిల్లు మాస్టారు ఇంటికొచ్చి అడిగారు. మా బాబాయి ససేమిరా అన్నాడు. "ఆడపిల్లని ఊరి కాని ఊరు పంపి ఆడించాలా మాస్టారూ? కోతలు మీద పడ్డాయి, ఇంట్లో పనుంది" అన్నాడు. రెండు రోజుల తరువాత జిల్లా పేజీలో ఆ పోటీల వార్త పడింది. అరచేతి వెడల్పు కూడా లేదు. అందులో మా చెల్లి పేరు, ఊరి పేరు ఉన్నాయి. పొద్దున్నే టీ కొట్టు దగ్గర ఎవరో పైకి చదివారు. "ఏమోయ్, మీ పిల్ల పేరు పేపర్లో పడింది" అన్నారు. బాబాయి ఏమీ మాట్లాడలేదు. ఆ ముక్క కత్తిరించి పట్టాదారు పాసుపుస్తకంలో పెట్టుకున్నాడు. సెలక్షన్లకు తానే సైకిలు మీద బస్టాండు దాకా దిగబెట్టాడు.

మరుసటి ఏడాది వాళ్ళ స్కూలు మళ్ళీ గెలిచింది. ఎక్కువ పాయింట్లు తెచ్చింది మా చెల్లే. పేపర్లో వార్త ఈసారి పెద్దదే వచ్చింది, ఫోటోతో సహా. ఫోటోలో ముఖ్య అతిథి గారు పంచె ఎగ్గట్టి కూతకు వెళుతున్నారు. వార్తలో ప్రారంభించినవారు, పాల్గొన్నవారు, సన్మానించినవారు వరసగా ఉన్నారు. చివర "బాలికలు చక్కని ప్రతిభ కనబరిచారు" అని ఒక వాక్యం. స్కోరు లేదు. ఏ పిల్ల పేరూ లేదు. బాబాయి రెండుసార్లు చదివించుకుని "నీ పేరేదే?" అని అడిగాడు. ఇంటర్లో చేరిన కాలేజీకి మైదానం లేదు. ఆమె ఆట మానేసింది. పేపర్లో పేరు పడితే మానేసేది కాదని నేను ప్రమాణం చేయలేను. మైదానం లేకపోవటమే పెద్ద కారణం. కాని మైదానం ఉన్న కాలేజీలో చేర్పించమని బాబాయిని అడగటానికి ఆ ఏడాది మా చేతిలో చూపించేందుకు ఏమీ లేకపోయింది.

ఆ తరువాత మన కాలేజీ రీడింగు రూములో పాత జిల్లా పేజీలు తిరగేశాను. సంక్రాంతి పోటీల వార్తల్లో ఎక్కువ భాగం ఇదే తీరు. ఎవరు ప్రారంభించారో ఉంటుంది, ఎవరు గెలిచారో ఉండదు.

దీనికి విలేకరిని తిట్టి లాభం లేదు. ఆయన కష్టం కూడా తెలుసుకోవాలి. మండలంలో కంట్రిబ్యూటరుగా పనిచేసే వ్యక్తికి నెల జీతం ఉండదు. అచ్చయిన వార్తల కొలతను బట్టి కొద్దిపాటి డబ్బులొస్తాయి. ఒక్కడే పంటలు, ప్రమాదాలు, సభలు అన్నీ చూడాలి. ప్రారంభోత్సవం సాయంత్రం జరుగుతుంది, నిర్వాహకులు పేర్ల జాబితా రాసి చేతికిస్తారు. ఫైనల్ మాత్రం ఫ్లడ్‌లైట్ల కింద అర్ధరాత్రి దాటాక ముగుస్తుంది. అప్పటికి జిల్లా పేజీ ముద్రణకు వెళ్ళిపోయి ఉంటుంది. మర్నాటికి వార్త పాతబడుతుంది. పైగా గెలిచినవాళ్ళ పేర్లు, పాయింట్లు రాసిన కాగితం నిర్వాహకుల దగ్గరే ఉండదు. అంటే లోటు పేపర్లోనే కాదు, పేపరుకు మనం అందించే సమాచారంలోనే ఉంది. యాంప్లిఫయర్‌కు అతిథుల పేర్లు అందిస్తే అతిథుల పేర్లే పెద్దవవుతాయి.

చిన్న వార్త చేసే పెద్ద పనులు

స్కోరు, పేరు, ఊరు ఉన్న రెండంగుళాల వార్త చేసే పనులు ఇవి:

1. తల్లిదండ్రుల మనసు మారుస్తుంది. మా బాబాయి విషయం పైన చెప్పాను.

2. రికార్డుగా నిలుస్తుంది. స్పోర్ట్స్ హాస్టలుకో, క్రీడా కోటా సీటుకో వెళ్ళే పిల్లవాడికి సర్టిఫికెట్టు పక్కన అదొక సాక్ష్యం.

3. శిక్షకుడికి దారి చూపిస్తుంది. ఏ ఊళ్ళో మంచి రైడరు ఉన్నాడో జిల్లా కేంద్రంలో కూర్చున్న శిక్షకుడికి వేరే ఎలా తెలుస్తుంది?

4. పక్క ఊరికి పౌరుషం తెప్పిస్తుంది. విజయనగరం జిల్లా కొండవెలగాడను చూడండి. వెయిట్‌లిఫ్టర్ల ఊరని దానికి పేరు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో రజతం అందుకున్న మత్స సంతోషి అక్కడి అమ్మాయే. ఒక ఊరికి అలా పేరొచ్చాక ఆ ఊరి పిల్లలకు బరువులెత్తటం ఇంటి విద్య అవుతుంది.

5. నిర్లక్ష్యాన్ని బయటపెడుతుంది. మ్యాటు లేక మట్టిలో ఆడిన జట్టు, జిల్లా పోటీల్లో మొదటిసారి మ్యాటు మీద బూట్లతో ఆడి ఓడిపోతే, ఆ కారణం కూడా వార్తే.

చేతిలో ఉన్న కొత్త సాధనం

ఇప్పుడు పేపరు కోసం ఎదురుచూడనక్కరలేని రోజులొచ్చాయి. పండగ పోటీలను కుర్రాళ్ళు సెల్‌ఫోన్‌తో యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపిస్తున్నారు. హైదరాబాద్‌లో, గల్ఫ్‌లో పనికి పోయిన ఊరి వాళ్ళు అక్కడి నుంచి చూసి ప్రైజు మనీకి చందాలు పంపుతున్నారు. ఇది మంచి పరిణామం. కాని ఇందులోనూ రెండు లోపాలున్నాయి. ఆట నాలుగు గంటలు సాగుతుంది, ఎవరు ఎవరో చెప్పేవాళ్ళుండరు. మర్నాడు ఆ వీడియో ఎవరూ చూడరు. రెండోది, ఆడపిల్లల ఆట పెడితే కింద రాసే రాతలు కొన్ని చదవలేం. ఆ భయంతోనే కొందరు తల్లిదండ్రులు పిల్లల్ని ఆపేస్తున్నారు. సాధనం చేతికొచ్చినంత మాత్రాన సరిపోదు, బాధ్యత కూడా రావాలి.

రేడియో కూడా పూర్తిగా పోలేదు. విద్యాసంస్థలు కమ్యూనిటీ రేడియో పెట్టుకోవటానికి కేంద్ర ప్రభుత్వం 2002లో అనుమతించింది, 2006లో స్వచ్ఛంద సంస్థలకూ ఆ అవకాశమిచ్చింది. 2008లో జహీరాబాద్ దగ్గర మాచనూరులో పల్లె మహిళలు 'సంఘం రేడియో' ప్రారంభించారు. వాళ్ళు చేయగలిగింది విశ్వవిద్యాలయ విద్యార్థులం మనం చేయలేమా?

మనం చేయదగినవి

విద్యార్థి సంఘానికి, ఫిజికల్ డైరెక్టరు గారికి నా విన్నపాలు ఇవి. వీటికి పెద్ద ఖర్చు లేదు.

మొదటిది, కాలేజీలో ఒక క్రీడా దినచర్య పుస్తకం పెట్టాలి. ఏ పోటీ జరిగినా తేదీ, స్కోరు, ఆటగాడి పూర్తి పేరు, ఊరు, తెచ్చిన పాయింట్లు అందులో ఎక్కించాలి. ఏటా ఈ సంచికలో ఆ వివరాలు అచ్చు వేయాలి.

రెండోది, పోటీ ముగిసిన పది నిమిషాల్లో ఆ వివరాలు విలేకరుల ఫోనుకు పంపాలి. గెలిచినవారి పేర్లు ముందు, అతిథుల పేర్లు చివర. ఫైనల్స్ పగటి పూట పెట్టుకుంటే ఇంకా మంచిది.

మూడోది, సంక్రాంతి సెలవుల్లో ఊళ్ళకు వెళ్ళే మిత్రులు ఎవరి ఊరి పోటీకి వాళ్ళు స్కోరు రాసేవాళ్ళుగా ఉండాలి. ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను చాలు.

నాలుగోది, అమ్మాయిల పోటీలకు అబ్బాయిల పోటీలతో సమానంగా చోటివ్వాలి. వీడియో పెట్టేటప్పుడు వాళ్ళను, వాళ్ళ ఉపాధ్యాయులను అడిగి పెట్టాలి. కింద వచ్చే రాతలు తీసేసే బాధ్యత ఒకరికి అప్పగించాలి.

ఐదోది, అంతర కళాశాలల పోటీలకు తెలుగులో వ్యాఖ్యానం చెప్పే పోటీ పెట్టాలి. ఆటలో రాణించలేని నా బోటివాళ్ళకు కూడా అప్పుడు మైదానంలో పని దొరుకుతుంది!

సోదర విద్యార్థులారా, మన ప్రాంతానికి శక్తి లేదని ఎవరూ అనలేరు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు బలం గూర్చి మన తాతలు కథలుగా చెప్పారు. ఊసవానిపేట అమ్మాయి ఒలింపిక్స్‌లో చూపించింది. ఆ ఇద్దరి మధ్య, ఆ తరువాత, పేరు ఎక్కడా రాయబడక కళ్ళంలోనే ఆగిపోయినవాళ్ళు ఎందరో లెక్క లేదు. లెక్క రాసేవాళ్ళు లేకపోవటమే కారణం. ఈ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నేను నోటుపుస్తకం తీసుకెళుతున్నాను. మీరూ తీసుకెళ్ళండి.